గంటలో అయిపోయే పనికి బోర్డు ఎందుకంటారా?

సంపాదకులకు నమస్కారం.

మా పర్లాకిమిడి చుట్టుపక్కల ఎక్కడైనా వంతెన కడుతున్నా, రోడ్డు వెడల్పు చేస్తున్నా చాలా దూరం నుంచే బోర్డులు కనిపిస్తాయి. డ్రమ్ములకు రంగులు వేసి వరుసగా నిలబెడతారు, రాత్రి దీపాలు కూడా పెడతారు. అదే రోడ్డు మీద నీటి పైపు కారుతోందని మధ్యాహ్నం తవ్వి, చీకటి పడే వేళకు పూడ్చే పనికి మాత్రం ఒక వేపకొమ్మ, నాలుగు రాళ్లు. ఆ కొమ్మ కూడా మేస్త్రీకి దయ కలిగితేనే. ఈ చిన్న పనుల గురించే ఈ ఉత్తరం. పెద్ద పనికి టెండరు ఉంటుంది, ఇంజనీరు ఉంటాడు, తనిఖీకి ఎవరో ఒకరు వస్తారు. చిన్న పనికి ఒక మేస్త్రీ, నలుగురు కూలీలు, ఒక ట్రాక్టరు. ‘గంటలో అయిపోతుంది లెండి’ అనే మాట తప్ప వాళ్ల దగ్గర వేరే భద్రతా ఏర్పాటు ఏదీ ఉండదు.

నేను టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగమంతా రోడ్డు పక్క గోతుల్లోనే గడిచింది. ఇప్పటి పిల్లలకు తెలియదు కానీ, అప్పట్లో భూమిలో వేసిన కేబుళ్లకు పైన సీసపు తొడుగు, లోపల ప్రతి తీగకూ కాగితపు చుట్టు ఉండేవి. ఎక్కడైనా తెగితే తీగలను జత జతగా వెతికి కలిపి, పైన సీసపు గొట్టం తొడిగి, బ్లో ల్యాంపుతో టంకం కరిగించి అతుకు మూయాలి. మధ్యలో లేచి వెళ్లే వీలులేదు. తడి తగిలితే కాగితం పాడై పని మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే గోతి మీద చిన్న గుడారం వేసుకునేవాళ్లం. తల గోతిలో, వీపు రోడ్డు వైపు. వెనుక నుంచి వచ్చే లారీ డ్రైవరు నన్ను చూశాడో లేదో తెలుసుకునే దారి నాకు లేదు. కాబట్టి బాగా ముందుగా ఎర్రజెండాతో ఒక మజ్దూరు నిలబడేవాడు, చీకటి పడితే ఎర్ర అద్దం లాంతరు వెలిగించేవాళ్లం. ఆ జాగ్రత్తలు మాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. ప్రాణభయం నేర్పింది.

ఇప్పుడు గోతిలో దిగే కూలీలకు ఆ భయం లేదని కాదు, చెప్పే హక్కు లేదు. రోజు కూలికి వచ్చిన మనిషి ‘ముందు బోర్డు పెట్టండి, తరువాత దిగుతాను’ అంటే మరునాడు అతన్ని పిలవరు.

ఈమధ్య మా వీధి చివర, పాతపట్నం వైపు వెళ్లే రోడ్డు మీద ఇలాంటి పనే ఒకటి జరిగింది. ఎవరు చేయించారన్నది నేను రాయను. రేపు ఇంకొకరు తవ్వినా ఇలాగే తవ్వుతారు గనుక పేరు ముఖ్యం కాదు. తారు వెడల్పు సుమారు ఐదున్నర మీటర్లు. ఎడమ అంచున మీటరు వెడల్పు గొయ్యి. తవ్విన మట్టిని రోడ్డు బయటికి కాకుండా లోపలికే పోశారు, అది ఇంకో మీటరు పైన తినేసింది. పైపులు తెచ్చిన ట్రాక్టరును సరిగ్గా గోతికి ఎదురుగా, కుడి అంచున, సగం తారు మీద నిలిపారు. చివరికి మిగిలిన దారి రెండు మీటర్లకు కాస్త పైన. బస్సు వెడల్పే రెండున్నర మీటర్లు ఉంటుంది. ఆ సందులోనే రెండు వైపుల నుంచీ ఆటోలు, మోటారు సైకిళ్లు, బడి వదిలాక సైకిళ్ల మీద ఇళ్లకు వెళ్లే పిల్లలు. గొయ్యి చూడటానికి నిలబడ్డ జనం అదనం. మన వాళ్లకు రోడ్డు మీద గొయ్యి తవ్వితే అదొక వినోదం మరి!

పొద్దు వాలాక పాలు పోసి తిరిగి వస్తున్న ఒకాయన మోటారు సైకిలు ఆ మట్టికుప్ప ఎక్కి పడిపోయింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఎదురుగా లారీ రాలేదు కాబట్టి అంతటితో పోయింది. పని చేయిస్తున్న మనిషిని అడిగితే ‘చూసుకుని రావాలి కదండీ’ అన్నాడు. ఎక్కడి నుంచి చూసుకోవాలి? ఆ గొయ్యి మలుపు తిరిగాక ఇరవై అడుగుల దూరంలో ఉంది. మలుపుకు ముందు ఏమీ లేదు. మలుపు తిరిగాక చూసుకోవడానికి సమయం లేదు.

ఇది నా చాదస్తం అనుకునేవారి కోసం ఒక లెక్క చెబుతాను. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాహనం ఆగడానికి కావలసిన దూరాన్ని ఎప్పుడో నిర్ణయించింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనానికి అది 45 మీటర్లు, 50 కిలోమీటర్ల వేగానికి 60 మీటర్లు. కంటికి కనిపించిన క్షణం నుంచి మనిషి ఆలోచించి బ్రేకు వేసే వరకు బండి పరిగెత్తే దూరం కూడా ఇందులో కలిసే ఉంది. అంటే పాలాయన మామూలు వేగంతోనే వస్తున్నా, ఇరవై అడుగుల్లో ఆగాలని కోరడం అసాధ్యాన్ని కోరడమే. గోతి పక్కనే ఒక బోర్డు పెట్టి ఉన్నా ఆయనకు ఉపయోగం ఉండేది కాదు. బోర్డు ఉండవలసింది మలుపుకు ఇవతల.

అదే సంస్థ పనులు జరిగే చోట రాకపోకలు ఎలా నడపాలో చెప్పే మార్గదర్శకాలను కూడా అచ్చు వేసింది. ఎస్పీ 55 అనే ఆ పుస్తకం 2001లో వచ్చింది, 2014లో సవరించారు. అందులో పని జరిగే రోడ్డును నాలుగు భాగాలు చేస్తారు. మొదటిది ముందే హెచ్చరించే భాగం. రెండోది వాహనాన్ని ఏటవాలుగా పక్కకు మళ్లించే భాగం. మూడోది పని జరిగే చోటు. నాలుగోది వాహనం మళ్లీ తన దారిలోకి చేరే భాగం. వేగం 50 కిలోమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉండే రోడ్డు మీద హెచ్చరిక భాగం 100 మీటర్లు, మళ్లింపు 50 మీటర్లు ఉండాలని 2001 నాటి పట్టిక చెబుతుంది. 80 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో వాహనాలు పోయే చోట హెచ్చరిక 300 నుంచి 500 మీటర్ల ముందే మొదలవ్వాలి. మన దగ్గర జరుగుతున్నది చూస్తే నాలుగు భాగాల్లో మూడోది ఒక్కటే ఉంటుంది. డ్రైవరు నేరుగా పనిలోకే వచ్చి పడతాడు.

‘వాడలోని రోడ్డుకు నూరు మీటర్ల హెచ్చరిక ఎక్కడ పెడతామండీ, నూరు మీటర్లలో మూడు సందులు వస్తాయి’ అని ఒక జూనియర్ ఇంజనీరు నాతో అన్నాడు. న్యాయమైన మాటే. అయితే దానికి జవాబు బోర్డు మానేయడం కాదు, మూడు సందుల మొదట్లోనూ ఒక్కొక్కటి పెట్టడం. పుస్తకంలోని కొలత రోడ్డును బట్టి సర్దుకోవచ్చు. వచ్చేవాడికి ముందే తెలియాలన్న నియమాన్ని మాత్రం సర్దుకోలేం.

చిన్న పనికి పెద్ద పనికి పెట్టినంత హంగామా పెట్టమని నేను అడగడం లేదు. అమెరికాలో ఈ పనులను కాలాన్ని బట్టి విడదీస్తారు. గంట లోపు ముగిసేవి ఒక రకం, గంట దాటి ఒకే పగటిలో ముగిసేవి ఇంకో రకం, మూడు రోజుల వరకు సాగేవి మరొకటి, అంతకు మించినవి వేరు. ఆ దేశపు రహదారి మాన్యువల్ ఇందులో ఒప్పుకునే నిజం ఒకటి ఉంది. పది నిమిషాల పనికి అరగంట సేపు రోడ్డు మీద తిరుగుతూ దారి హద్దు చూపే కోన్లు పేరిస్తే, పేర్చేవాడికే ఎక్కువ ప్రమాదం. కాబట్టి అలాంటి చోట సామాను తగ్గించి, తళతళమెరిసే దీపం ఉన్న వాహనాన్ని పనికి వెనుక నిలిపి సరిపెట్టుకోమంటుంది. మేం గోతిలో కూర్చున్న రోజుల్లో ఇలాంటి ఆలోచన ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. మా వీధికి వచ్చిన ట్రాక్టరునే తీసుకోండి. దాన్ని గోతికి ఎదురుగా నిలిపి దారి మూసే బదులు, గోతికి వెనుక, వాహనాలు వచ్చే వైపు, దీపం వెలిగించి నిలిపి ఉంటే అదే హెచ్చరిక అయ్యేది. పైసా ఖర్చు లేదు. మట్టిని రోడ్డు బయటి వైపుకు పోసి ఉంటే మీటరు దారి మిగిలేది. దానికీ ఖర్చు లేదు. పని మొదలు పెట్టే ముందు ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి, గొయ్యి ఇక్కడ, మట్టి ఇక్కడ, బండి ఇక్కడ, మనుషులు నడిచేది ఇక్కడ అని అనుకోవడమే ప్రణాళిక. అంతకు మించి బ్రహ్మవిద్య ఏమీ లేదు.

నడిచేవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి, వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు కాబట్టి. సంతకు కొండల మీది నుంచి సవర గిరిజన ఆడవాళ్లు పనస, అనాస, జీడి మామిడి తట్టల్లో నెత్తిన పెట్టుకుని దిగుతారు. నెత్తిన బరువు ఉన్న మనిషి చటుక్కున పక్కకు దూకలేదు, తల తిప్పి వెనక్కి చూడలేదు. రోడ్డు అంచు తవ్వేస్తే ఆమె వాహనాల దారిలోకి రాక తప్పదు. గోతికీ వాహనాలకూ నడుమ తాడు కట్టి రెండు మూడు అడుగుల దారి వదిలితే ఆమె క్షేమంగా వెళుతుంది. ఇళ్ల గుమ్మాల ముందు తవ్వినప్పుడు ఒక చెక్క వేయాలన్న ఆలోచన కూడా రాదు. మా పక్కింటి ముసలమ్మ రోజంతా ఇంట్లోనే ఉండిపోయింది, బయటికి అడుగు పెట్టే చోటు లేక.

సంత రోజున, బడి విడిచే వేళ, పొద్దు వాలేటప్పుడు తవ్వకూడదని వేరే చెప్పాలా? కానీ మా దగ్గర పని మొదలయ్యే వేళను నిర్ణయించేది జేసీబీ ఖాళీ. అది ఇంకో ఊళ్లో పని ముగించుకుని నాలుగింటికి వస్తే నాలుగింటికి తవ్వుతారు. అప్పుడు పని ముగిసేది చీకట్లోనే.

జెండా మనిషి గురించీ ఒక మాట. ఒకే వరుస దారి మిగిలినప్పుడు రెండు చివర్లా ఇద్దరు నిలబడాలి, ఒకరికి ఒకరు కనబడాలి, కనబడకపోతే ఫోనులో మాట్లాడుకోవాలి. మా వీధిలో అప్పటి వరకు మట్టి తోడిన కుర్రాడే ఆ పని చేశాడు. చెయ్యి ఊపాడు. ఆ ఊపు రమ్మనో ఆగమనో ఆటోవాడికి అర్థం కాలేదు. ఎదుటి వైపు మనిషే లేడు. ఎర్రజెండా, పచ్చజెండా, మెరిసే చొక్కా ఉండి అరగంట నేర్పిస్తే ఆ కుర్రాడే చక్కగా చేసేవాడు.

మాది సరిహద్దు ఊరు కావడం వల్ల ఇంకో చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పర్లాకిమిడి ఒరిస్సాకు వచ్చింది, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. మనుషులు మాత్రం విడిపోలేదు. బట్టలకూ వైద్యానికీ పెళ్లి సంబంధాలకూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రోజూ తిరుగుతూనే ఉంటాం. రోడ్డు ఒకటే, దాన్ని చూసే శాఖలు మాత్రం రాష్ట్రం మారగానే మారిపోతాయి. ఇటువైపు దారి సగం మూశారన్న సంగతి అటు నుంచి బయలుదేరే బస్సుకు తెలియదు. గొయ్యి గురించి ఫోను చేస్తే రోడ్లవాళ్లు నీళ్లవాళ్లను అడగమంటారు, నీళ్లవాళ్లు కాంట్రాక్టరును అడగమంటారు, కాంట్రాక్టరు ఫోను తీయడు. గొయ్యి దగ్గర ఎవరి పనో, ఎప్పటికి ముగుస్తుందో, ఎవరికి ఫోను చేయాలో రాసిన చిన్న పలక ఒడియాలోనూ తెలుగులోనూ ఉంటే ఈ తిప్పలు ఉండవు. ఇక హెచ్చరికకు అక్షరాలే అక్కర్లేదు. పారతో మట్టి తోడే మనిషి బొమ్మ ఉన్న త్రికోణం బోర్డు ఏ రాష్ట్రపు లారీ డ్రైవరుకైనా తెలుస్తుంది.

తవ్వకాల గురించి ప్రభుత్వానికి పట్టింపే లేదని అనలేను. 2023 మార్చి 22న కేంద్రం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ తెచ్చింది. తవ్వేవాళ్లు ముందుగా అందులో చెబితే ఆ చోట భూమిలో కేబుళ్లు, గొట్టాలు ఉన్నవాళ్లకు కబురు అందుతుంది. పాత జాయింటరుగా దాన్ని చూసి నిజంగా సంతోషించాను. తెగిన కేబుల్ కలపడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి కదా. భూమి లోపలి తీగకు కబురు పంపే ఏర్పాటు చేసిన ప్రభుత్వం పైన తిరిగే మనుషులకు కూడా అదే కబురు అందించాలని ఎందుకు అనుకోలేదో మరి. ఆ సమాచారం పోలీసు స్టేషనుకూ, బస్సు డిపోకూ, రెండు వైపుల మండల, బ్లాకు కార్యాలయాలకూ పోతే చాలు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఏ సెక్షన్ చేర్చారు. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోయినా అంగవైకల్యం పాలైనా సంబంధిత అధికార సంస్థకూ కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. కానీ ఆ సెక్షన్ కదలాలంటే ముందు ఒక ప్రాణమో అవయవమో పోవాలి. పాలాయన ఎముక అతుక్కుంది కాబట్టి ఆయన పేరు ఏ లెక్కలోనూ ఉండదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని రవాణా శాఖ నివేదిక చెప్పింది. మట్టికుప్పలు ఎక్కి పడి, కట్టు కట్టించుకుని, ఇంటికి పోయినవాళ్లను లెక్క పెట్టేవారే లేరు.

నా దృష్టిలో ఇది ఎస్టిమేటు దగ్గర సరిదిద్దవలసిన విషయం. చిన్న పనుల ఎస్టిమేటులో పైపుకు ఇంత, కూలికి ఇంత, జేసీబీ అద్దెకు ఇంత అని రాస్తారు. కోన్లు, బోర్డులు, దీపం, జెండా మనుషుల కూలి అని వేరే పద్దు కనిపించదు. పద్దు లేని దాన్ని కాంట్రాక్టరు జేబులోంచి కొనడు, కొనాలని ఆశించడం కూడా అమాయకత్వమే. కోన్ ఒకటి కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఆ పద్దు రాసి, పని చోట ఆ సామాను కనబడకపోతే ఆ మేరకు బిల్లు కోయండి. తవ్వడానికి ఇచ్చే అనుమతి కాగితం వెనుకే నేను పైన చెప్పిన నాలుగు గీతల బొమ్మ గీయించుకోండి. బొమ్మ లేకపోతే అనుమతి ఇవ్వకండి. అత్యవసర మరమ్మతులకు అంత సమయం ఉండదంటారేమో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాను ఊడ్చేసినప్పుడు కరెంటు స్తంభాలు ఎత్తడానికి వచ్చిన ముఠాలను దగ్గర నుంచి చూశాను. అంత హడావుడిలోనూ కొందరు రెండు వైపులా టార్చిలైట్లతో మనుషులను నిలబెట్టుకున్నాకే పని చేశారు. అత్యవసరం అనే మాట మంచి ముఠాకు అడ్డు రాలేదు.

పూడ్చిన తరువాతి సంగతి రాయకపోతే ఉత్తరం సగంలో ఆపినట్టే. మట్టిని ఒక్కసారిగా గోతిలోకి తోసి, పైన ట్రాక్టరు చక్రంతో రెండు సార్లు తొక్కించి వెళ్లిపోతారు. పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టని మట్టి మొదటి వానకే కుంగుతుంది. అప్పుడు అక్కడ నీళ్లు నిలిచి గొయ్యి కూడా కనిపించదు. రాళ్లు, కొమ్మ మాత్రం వారం రోజులు రోడ్డు మీదే ఉంటాయి, పని లేని చోట. ఇది బోర్డులకూ వర్తిస్తుంది. పని లేకపోయినా తీయకుండా వదిలేసిన బోర్డును రోజూ చూసిన డ్రైవరు, నిజంగా పని జరుగుతున్న రోజున కూడా దాన్ని నమ్మడు. సామాను తెచ్చినవాళ్లే వెళ్లేటప్పుడు అంతా ఏరుకుపోవాలి. మొదటి వాన పడ్డాక వచ్చి ఒకసారి చూడాలి.

మీ పత్రికలో జిల్లా పేజీకి ఫోటోలు పంపే విలేకరులకు ఒక విన్నపం. ప్రమాదం జరిగాక కాకుండా, గొయ్యి తవ్వి ఉన్నప్పుడే ఫోటో తీసి వేయండి. మలుపు, మట్టి, మిగిలిన దారి కనబడేలా తీయండి.

మా వీధిలో మిగిలిన పైపు ముక్క కోసం మొన్న ఎవరో వచ్చి రోడ్డు మీద సున్నంతో గీత వేసి వెళ్లారు. రథయాత్ర జనం మొదలయ్యేలోగా ఆ పని ముగిస్తే మంచిది. ఆరు కోన్లు, రెండు బొమ్మల బోర్డులు, ఒక దీపం తెచ్చుకోండి. జెండా పట్టుకోవడానికి మనిషి దొరకలేదంటే మా ఇల్లు గీతకు ఎదురుగానే ఉంది, తలుపు తట్టండి, నేను వచ్చి నిలబడతాను.

భవదీయుడు,
ఒక రిటైర్డు కేబుల్ జాయింటర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా